గురువారం నాటి రెండు కమ్మీలు

దిగువ వీధి మూడో ఇంటి లెక్కల టీచరమ్మకి మొగుడంటే ఎంత నమ్మకమంటే, ఆయన వాల్వు తిప్పిన చప్పుడు వినిపిస్తే గోడ గడియారం ముల్లు సరిచేసుకునేది. ఆయన నీళ్ళ ఆఫీసులో పనిచేస్తాడు. తెల్లారగానే వీధి మొగలో ఇనప మూత లేపి, పొడుగాటి కడ్డీతో వాల్వు తిప్పి, ముందు ఎగువ వీధికి గంట, తర్వాత దిగువ వీధికి గంట నీళ్ళు వదలడం ఆయన పని. ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటూ రోజూ ఒకటే మాట: "చెరో గంట. సమానంగా వదిలాను."

దిగువ వీధి ఆడవాళ్ళు ఒప్పుకుంటేగా. "ఆరో బిందె నిండకుండానే కుళాయి ఈల వేస్తోంది తల్లీ, మీ ఆయన గంటకి నిమిషాలెన్నో కాస్త కనుక్కో" అని దెప్పేవాళ్ళు. టీచరమ్మ ఊరుకునే రకం కాదు. "మీ బిందెలు మరీ పెద్దవేమో చూసుకోండి" అనేసింది ఒకసారి. ఆ మాటకి పక్కింటి పెద్దమ్మ నెల్లాళ్ళు ఈవిడ ముఖం చూడలేదు.

ఎగువ వీధిలో ఆయన అక్కగారిల్లు. ఆవిడ మిద్దె మీద కూరగాయలు పండించి, వారానికోసారి గంపెడు వంకాయలు పంపేది. టీచరమ్మ వాటిని వీధంతా పంచి, "మా వదిన చేతి చలవ" అని మురిసిపోయేది.

ఆ నెల అయిదో తరగతికి జంట కమ్మీల గ్రాఫు పాఠం వచ్చింది. రోజుకి రెండు కమ్మీలు పక్కపక్కనే నిలబెట్టి, ఏది పొడుగో ఏది పొట్టో చూడగానే తెలిసేలా గీయడం. పుస్తకంలో క్రికెట్ పరుగుల లెక్కేదో ఉంది. టీచరమ్మ దాన్ని పక్కన పెట్టింది. "మన రెండు వీధుల్లో రోజూ ఎన్ని బిందెలు నిండుతున్నాయో లెక్కేద్దాం" అంది. పిల్లల చేతే నిజం చెప్పించి, శనివారం తల్లిదండ్రులు బడికొచ్చినప్పుడు గోడకి అంటించి, వీధి నోళ్ళు మూయించాలని ఆవిడ పంతం. మొగుడికీ చెప్పింది. ఆయన పేపరు మీంచి తల ఎత్తకుండానే "పిల్లల ఆటలే" అన్నాడు.

పని మాత్రం పద్ధతిగా నేర్పింది. వీధికి పది ఇళ్ళు. బిందెకో నిలువు గీత, అయిదోది అడ్డగీత. కట్టలు కట్టినట్టు అయిదులు లెక్కపెట్టాలి. వారం అయ్యాక ఆ కాగితాలన్నీ ముందేసుకుని పట్టిక గీయించింది. రోజులు ఒక వరస, ఎగువ ఒక వరస, దిగువ ఒక వరస. గ్రాఫు కాగితం మీద పది బిందెలకి ఒక గడి. ఎగువకి నీలం, దిగువకి ఎరుపు.

సోమవారం నీలం పన్నెండు గడులు లేచింది. పక్కన ఎరుపు ఆరు గడుల దగ్గర ఆగిపోయింది. మంగళవారం పదమూడుకి అయిదు. బుధవారమూ అదే వరస. రంగులు తారుమారు చేశారేమోనని టీచరమ్మ కాగితాలు లాక్కుని చూసింది. చెయ్యలేదు.

గురువారం మాత్రం రెండూ తొమ్మిదేసి గడులు, జోడెడ్ల లాగా.

క్లాసులో ఒక పిల్ల ఉంది. చెరపనిదే ఏదీ రాయదని అందరూ రబ్బరు అంటారు. ఆ పిల్ల అప్పటికే చేతిలో రబ్బరు పట్టుకుంది. "టీచర్, గురువారం తప్పొచ్చింది. మిగతా రోజుల్లాగా దిద్దేయనా?"

"దిద్దకు. మళ్ళీ లెక్కపెట్టు."

మూడుసార్లు లెక్కపెట్టినా తొమ్మిదికి తొమ్మిదే. అప్పుడు గుర్తొచ్చింది టీచరమ్మకి. గురువారం మొగుడికి జ్వరం. దుప్పటి కప్పుకుని పడుకుంటే, ఆయన బదులు ఆఫీసు నుంచి వేరే మనిషి వచ్చి వాల్వు తిప్పాడు. ఆవిడ చేతిలో సుద్దముక్క రెండు ముక్కలైంది.

సాయంత్రం ఆయన కాఫీ తాగుతుంటే కాగితం ముందు పరిచింది. ఆయన చూశాడు. గురువారం దగ్గర ఆగాడు.

"అక్కయ్య మిద్దె మీద మొక్కలేసింది కదా" అన్నాడు చివరికి. "ఇంకాసేపు ఉంచరా తమ్ముడూ అంటే కాదనలేకపోయాను. ఉన్నవి రెండే గంటలాయె."

"ఎప్పటి నుంచి?"

"మొక్కలేసినప్పటి నుంచే."

అంటే ఆరేళ్ళు. ఆరేళ్ళుగా ఈ మనిషి కోసం గుమ్మంలో నిలబడి వీధిలో ప్రతి ఒక్కరితోనూ గొడవపడింది. వాళ్ళ నీళ్ళతో కాసిన వంకాయల్నే వాళ్ళకి పంచి, దణ్ణాలు కూడా పెట్టించుకుంది. తన ఇంట్లో మాత్రం బిందెలు కావలసినన్ని నిండాయా? అంట్లు తోమిన నీళ్ళతో గచ్చు కడుక్కుంది తను కూడా.

"పరాయివాళ్ళకి చెప్పకపోతే పోనీ. నాకెందుకు చెప్పలేదండీ?"

"నీకు చెబితే ఊరుకుంటావా?"

"ఊరుకోననేగా చెప్పలేదు. మరి రోజూ పొద్దున్నే ఆ సమానం మాట ఎందుకు? నేను అడిగానా?"

ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "ఐదో క్లాసు పిల్లల గీతలు ఎవరు చూడొచ్చారు. అన్ని రోజులూ గురువారంలా దిద్దించెయ్యి. రేపటి నుంచి నిజంగానే సమానంగా వదులుతాను."

"మా క్లాసులో రబ్బరు ఒకత్తి ఉంది. ఇంకొకరు అక్కర్లేదు" అని కాగితం చుట్టి లోపలికి పోయింది. ఆ వారం వచ్చిన వంకాయల గంప మూత కూడా తీయకుండా ఎగువ వీధికి తిప్పి పంపింది.

శనివారం గ్రాఫు గోడకెక్కింది. 'ఎగువ వీధి, దిగువ వీధి: వారంలో నిండిన బిందెలు' అని పైన తనే రాసింది. పేరు లేని గ్రాఫుకి మార్కులు ఉండవని పిల్లలకి చెప్పింది తనే కదా మరి. మనవరాలి కోసం వచ్చిన పక్కింటి పెద్దమ్మ కళ్ళజోడు సవరించుకుని, ఒక్కో కమ్మీ మీదా వేలు పెట్టి చూసుకుంటూ వెళ్ళి గురువారం దగ్గర ఆగింది.

"ఆ రోజేగా అమ్మాయ్, మీ ఆయనకి జ్వరమని మా ఇంట్లో మాత్ర అడిగి పట్టుకెళ్ళావు?"

చుట్టూ ఉన్న తల్లులు గ్రాఫు దగ్గరికి జరిగారు.

"ఆ రోజే పెద్దమ్మా" అంది టీచరమ్మ. "మీ బిందెలు పెద్దవి కావు. నేనన్నది తప్పు."

పెద్దమ్మ దగ్గరికొచ్చింది. ఈవిడ మోచెయ్యి పట్టుకుని పక్కనే నిలబడింది.

సోమవారం దిగువ వీధి కుళాయిలు గంట నిండా పారాయి. దిగువకి తిప్పేసి, నీళ్ళు ఇంకా వస్తుండగానే ఆయన ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటూ, "చెరో గంట. సమానంగా వదిలాను" అన్నాడు. ఈసారి అది నిజమే.

టీచరమ్మ తల తిప్పలేదు. కుళాయి పక్కన గోడ మీద బొగ్గుతో అయిదో గీత అడ్డంగా గీసి, ఇంకో బిందె పెట్టింది.