తెల్లబడ్డ దాసరి పురుగులు

ఆ ఏడు మా హాలియా మెట్టలో ఆముదపు చేలకు దాసరి పురుగు పట్టింది. ఆకుల్లో ఈనెలు తప్ప ఏమీ మిగల్లేదు. కల్వకుర్తి దగ్గర లింగమ్మ అనే కూలి మనిషి కౌలు చేను ఒక్కటే పచ్చగా నిలిచిందనీ, ఆమె చచ్చిన పురుగులతో బతికున్న పురుగులను చంపుతోందనీ సంతలో విని ప్రయాణం కట్టాను. కొడుకు మాటైనా మా బాపు నమ్మలేదు, ఆదివారం దాకానే గడువు పెట్టాడు.

"ఆయిత్వారం దాక సూస్త. గప్పటికి తగ్గకుంటే దున్ని ఉలవలు సల్లుత" అన్నాడు. మాకున్నది ఆ నాలుగెకరాలే.

బుధవారం పొద్దున ఏడింటికి బొగ్గు బస్సు ఎక్కాను. యుద్ధం రోజులు, పెట్రోలు దొరకదు. ఎత్తు వచ్చినప్పుడల్లా మేమే దిగి తొయ్యాలి. దేవరకొండ చేరేసరికి పదకొండయింది. అక్కడ జొన్నరొట్టె, పచ్చిపులుసు తిని ఇంకో బస్సు పట్టుకున్నాను. పక్కన కూర్చున్న ఉల్లిగడ్డల వ్యాపారి, బడిపంతులునైన నేను వెళ్తున్న పని విని పకపకా నవ్వాడు.

"సచ్చిన పురుగుల కోసం గింత దూరమా, పంతులూ?"

ఒళ్లు మండి కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. సాయంత్రం అయిదుకు కల్వకుర్తిలో దిగి సత్రంలో ఉన్నాను. చాప ఇస్తారు, దుప్పటి మాత్రం మనమే తీసుకుపోవాలి.

గురువారం పొద్దున్నే రెండు కోసులు, అంటే నాలుగు మైళ్లు, నడిచి చేను చేరాను. లింగమ్మకు యాభై ఏళ్లుంటాయి. పురుగు బాధతో హాలియా నుంచి వచ్చిన బడిపంతుల్నని చెప్పగానే, ఇంకేమీ అడక్కుండా ఒక ఆకు తిప్పి చూపించింది. కింద పురుగులు ఆకును కరుచుకుని బిగుసుకుపోయి ఉన్నాయి, సున్నం పూసినట్టు తెల్లగా. కొన్నింటి మీద పచ్చటి పిండి.

"గది బూజు, పంతులూ. పురుగుకు రోగం, చెట్టుకేం గాదు. గీ పిండి నీళ్లల్ల కలిపి, ముసురు పట్టినప్పుడు, పొద్దుగూకంగ ఆకుల మీద చిలకరిస్త. ఎండ తగిల్తె పనిజెయ్యది. ఓ వారం ఓపిక పట్టాలె."

"ఎవరు నేర్పారమ్మా?"

"ఎవలు నేర్పుతరు? కూలికి పురుగులేరుకుంట సూసిన. గీ తెల్లవి ఉన్న కాడ తక్కినయి గూడ సస్తున్నయ్."

ఇన్నేళ్లుగా బడిలో పాఠాలు చెబుతున్నాను, ఒక్కనాడూ ఆకు తిప్పి చూసిన పాపాన పోలేదు. దండం పెట్టాను. ఆమె సిగ్గుపడి, ఒక కుండలో తెల్ల పురుగులు నింపి, తడిబట్ట కప్పి ఇచ్చింది.

మధ్యాహ్నం బస్సులో డ్రైవరు కుండను పైన పెట్టమన్నాడు. ఎండ తగులుతుందని ఒళ్లోనే పెట్టుకున్నాను. ఆ పూట దేవరకొండలో ఆగి, శుక్రవారం పదింటికి హాలియాలో దిగి తిన్నగా చేనుకు నడిచాను.

బాపు నాగలి కట్టాడు. అప్పటికే రెండెకరాలు దున్నేశాడు.

"ఆయిత్వారం అన్నావు కదా బాపూ!" అని అరిచాను.

"నిన్నటి సంది పురుగులు బూజు పట్టి తెల్లగైతున్నయ్ రా. చేనుకే ఏదో రోగం తగిలిందని దున్నుతున్న."

కుండ దించి బట్ట తీశాను. లింగమ్మ చెప్పిందంతా చెప్పాను. బాపు కుండలోకి చూశాడు, దున్నని ఆకుల వంక చూశాడు, నాగలి విప్పేశాడు.

రెండు రోజులు తిరిగి నేను తెచ్చింది మా చేలోనే ఉంది. అయినా ఈ ప్రయాణం వృథా అనను. లింగమ్మను చూడకపోతే మిగతా రెండెకరాలూ నేనే దగ్గరుండి దున్నించేవాణ్ని.

ఎడ్లను మళ్లిస్తూ బాపు నా కాళ్ల వంక చూసి అన్నాడు: "జర సూసి నడువు. తెల్లయి తొక్కేవు."