భాగ్యమ్మ రాసిన సున్నలు

కృష్ణ ఒడ్డున, కొల్లాపూర్ అవతలి బెస్తవాళ్లకు ఒక పట్టింపు ఉంది. ఉత్తచేతులతో ఒడ్డెక్కినవాణ్ణి "ఎన్ని పడ్డయ్?" అని అడగకూడదు. అడిగితే మర్నాడు కూడా గంగమ్మ మొహం చాటేస్తుందట. భాగ్యమ్మ మాత్రం అందరినీ అడిగేది.

మొగుడు కురుమూర్తితో ఇరవై ఏళ్లు వల లాగిన మనిషి. మోకాళ్లు అరిగి పడవ ఎక్కలేకపోయాక చేపల సంఘం ఆమె చేతికొక రిజిస్టరు ఇచ్చింది. పట్నం నుంచి సరదాకు గాలాలు వేయ వచ్చేవాళ్లు ఎందరు, నీళ్ల మీద ఎన్ని గంటలున్నారు, ఎన్ని పడ్డాయి, అన్నీ రాయాలి. చేప తగ్గిందని తేలితే అది గుడ్లు పెట్టే వానకాలంలో రెండు నెలలు గాలాలు ఆపుతారు.

సరదా పడవలు నడిపే జగదీశ్‌కు అది గిట్టలేదు.

"అత్తా, పడ్డోల్లయే రాయి. పడనోల్లను ఎందుకు గెలుకుతవ్?"

"పడ్డోల్లయే రాస్తే ఏరంత చేపలే ఉన్నట్టు కొడ్తది గద అల్లుడా."

"ఏం సదివినవని జెప్తున్నవ్?"

"నాలుగు. సున్న ఒకటోదాంట్లనే నేర్పిన్రు."

మరుసటి ఆదివారం పట్నంవాళ్లెవరూ ఆమెతో మాట్లాడలేదు. జగదీశ్ వద్దన్నాడు. భాగ్యమ్మ పడవ తాడు కట్టే రాయి మీద కూర్చుంది.

"మాట్లాడకున్రి, మంచిదే. చేపల పెట్టె మూత తియ్యున్రి."

తీశారు. లోపల మంచుగడ్డలు తప్ప ఏమీ లేవు. రాసుకుంది.

సంఘం కూర్చున్న రోజు జగదీశే ముందు లేచాడు. "ఉత్తచేతులోల్ల లెక్క సభల చదివితే ఊరికే అరిష్టం!"

ముసలివాళ్లు తలలూపారు. పెద్దమనిషి ఎల్లయ్య గొంతు తగ్గించాడు. "పడ్డయే చదువమ్మా."

భాగ్యమ్మ రిజిస్టరు తెరిచింది.

"పదకొండు గాలాలు. ఆరు గంటలు. ఒక వాలుగ. తొమ్మిది గాలాలు. ఏడు గంటలు. సున్న. ఎనిమిది గాలాలు..."

"ఆపమంటే ఆపవేందమ్మా?"

"చేపలు ఆగినయి పెద్దయ్యా. నేనెందుకు ఆపాలె?"

వెనక వరసలోంచి కురుమూర్తి లేచాడు. ఈ మూడు నెలలుగా ఇంట్లో వల గురించి నోరు విప్పని మనిషి.

"నా వల గూడ రాయి. మొన్న ఉత్తదే."

భాగ్యమ్మ అతని మొహంలోకి చూడలేదు. కొత్త గీత గీసింది.

"ఎన్ని గంటలు?"

"పొద్దుగాల్నుంచి మాపుదాంక."

ఆ తర్వాత ఇద్దరు లేచారు, మళ్లీ ముగ్గురు. చివరికి ఎల్లయ్య కూడా తన వల సంగతి ఒప్పుకుని, రెండు నెలలు గాలాలు ఆపుదామనేవాళ్లను చేతులెత్తమన్నాడు. జగదీశ్ ఒక్కడే ఎత్తలేదు. అదీ రాసుకుంది భాగ్యమ్మ.