ఏమీ వేయని మడి

మంగళవారం పొద్దున నేను బస్సు కోసం నిలబడి ఉండగా ఘాజియాబాద్ నుంచి సార్ వాళ్లావిడ, ఆంటీ, ఫోన్ చేశారు. "సార్ వెళ్లిపోయారు బాబూ. టీ కలిపి తెచ్చేసరికి కుర్చీలోనే..." అన్నారు. వస్తున్నానని చెప్పాను.

సార్ మట్టి మీద పరిశోధన చేసిన మనిషి. ఢిల్లీ శివారులో ఒక పరిశోధన పొలంలోనే ఆయన ఉద్యోగమంతా గడిచింది. నేను అక్కడ ఫీల్డు అసిస్టెంటుని. మాది ప్రకాశం జిల్లా, మా నాన్నకు రెండెకరాల మెట్ట ఉంది. ఢిల్లీలోని మునిర్కాలో ఇద్దరు కుర్రాళ్లతో కలిసి గది తీసుకుని సార్ దగ్గర పనిలో చేరాను.

ఆయన చూసే పొలంలో మూడు మళ్లు. మూడింటిలోనూ ఏటా ఒకే గోధుమ. ఒక మడికి రసాయన ఎరువు, ఒకదానికి పశువుల ఎరువు, మూడోదానికి ఏమీ వేయకూడదు. నేల తనంతట తాను ఎంత ఇస్తుందో, ఎన్నాళ్లు ఇస్తుందో తెలియాలంటే ఆ మడి అలాగే ఉండాలి. కూలీలు దాన్ని 'భూఖా ఖేత్' అనేవారు, ఆకలి పొలం అని.

సార్ సంచిలో ఎప్పుడూ ఒక కొబ్బరిపీచు బ్రష్షు ఉండేది. పక్క మళ్ల మట్టి రాకుండా, మూడో మడిలోకి ఎవరు దిగినా గట్టు మీద బూట్లు దులుపుకోవాల్సిందే. ఒకసారి ఒక పెద్దాఫీసరు, "మందిర్‌లోకి వెళ్తున్నామా డాక్టర్ సాబ్?" అని నవ్వాడు. "మందిరమైతే విప్పమనేవాణ్ణి. ఇక్కడ దులిపితే చాలు" అంటూ సార్ బ్రష్షు ఆయన చేతికిచ్చారు.

నేను చేరిన మొదటి చలికాలం. మూడో మడిలో పైరు జానెడెత్తున, పసుపుపచ్చగా నిలబడి ఉంది. మా చేలో పైరు అలా ఉన్న రోజుల్లో అమ్మకు అన్నం సయించేది కాదు. ఒకరోజు నీళ్లు పెట్టేముందు, పక్క మడికి తెచ్చిన యూరియాలోంచి నాలుగు దోసిళ్లు అందులో చల్లేశాను. ఎవరూ చూడలేదు. వారం తిరిగేసరికి పైరే చెప్పేసింది.

సార్ గట్టు మీద నిలబడి పైరు చూశారు.

"జాలేసిందా?"

"అవును సార్. చూస్తూ ఊరుకోలేకపోయాను."

"వేస్తుంది. నాకూ వేస్తుంది. ఊరుకోవడమే ఇక్కడ పని. ఏడాది పోయిందయ్యా."

రిజిస్టరు నా చేతికిచ్చి రాయమన్నారు. పొరపాటున యూరియా పడిందని మొదలుపెట్టాను. "ఎక్కణ్ణుంచి పడింది, ఆకాశంలోంచా? జరిగింది రాయి" అన్నారు. రాశాను. వార్షిక నివేదికలో సార్ ఆ ఏడాది గడిని ఖాళీగా వదిలేశారు.

ఊరి నుంచి నేను కవర్లో తెచ్చిన మా చేని మట్టిని ఒక ఆదివారం కూర్చుని పరీక్ష చేశారు. ఏం వేయనక్కర్లేదో మా నాన్నకు ఫోన్లో అరగంట చెప్పారు. మందుల కొట్టువాడు అంటగట్టే రెండు బస్తాలు ఆ ఏడు నుంచి మా ఇంటికి రాలేదు.

ఆయన రిటైరైన ఏడాదే ఆ స్థలంలో స్టాఫ్ క్వార్టర్లు కట్టాలని పైవాళ్లు అనుకున్నారు. నిర్ణయం అయిపోయాక కమిటీ వేశారు. కొత్తగా ఏం కనుక్కున్నారని కమిటీ అడిగింది. "దిగుబడి ఏటా కొద్దికొద్దిగా తగ్గుతోంది సార్. ఎక్కడ ఆగుతుందో చూడాలి" అన్నారు సార్. ఒకాయన పేజీలు తిప్పుతూ ఖాళీ గడి దగ్గర ఆగాడు.

"యహా క్యా హువా?" ఇక్కడేం జరిగిందని అడిగాడు.

"మా పొరపాటు" అన్నారు సార్.

నేను ఫైళ్లు పట్టుకుని తలుపు దగ్గరే ఉన్నాను. అది నేను చేసిన పని అని చెప్పడానికి నోరు రాలేదు. బయటికొచ్చాక సార్ టీ ఇప్పించి, "ఆ క్వార్టర్లు నీ యూరియాకి మొలవడం లేదులేవయ్యా, తాగు" అన్నారు. నిజమే కావచ్చు. అయినా ఆ రోజు నోరు తెరవాల్సింది నేను.

నెల తిరక్కుండా జేసీబీలు దిగాయి. ఆ మడి నుంచి ఏటా తీసిన మట్టి, సీసాల్లో స్టోర్‌లో ఉండేది. దాన్ని పారేయబోతుంటే సార్ ఆటోలో ఇంటికి తెచ్చుకున్నారు. మడి పోయినా మట్టి ఉంది, రేపు ఎవరైనా అడగవచ్చని ఆయన ఆశ.

కర్మకాండలయ్యాక ఆంటీ నన్ను వెనక గదిలోకి తీసుకెళ్లారు. ఇల్లు ఖాళీ చేసి నోయిడాలో కూతురి దగ్గరికి వెళ్తున్నారు. "ఈ సీసాలు ఎవరికివ్వాలి బాబూ?" అన్నారు. అప్పటికప్పుడు ఫోన్లు చేశాను. ప్రాజెక్టు మూసేశాం కదా అన్నారు ఒకచోట. మరోచోట మెయిల్ పెట్టమన్నారు. పెట్టాను. నెలాఖరు దాకా చూశాం.

"పోనీ నీ దగ్గర..." అని ఆంటీయే ఆగిపోయారు. ముగ్గురం పడుకుంటే నడవడానికి జాగా ఉండని గది నాది. ఆవిడకు తెలుసు.

ఇల్లు ఖాళీ చేసే రోజు సీసాలన్నీ కిందికి దించి, సొసైటీ పార్కు మూలలో ఒక్కొక్కటే ఒంపాను. సంవత్సరాల వరస తప్పకుండా ఒంపాను, ఎందుకో తెలియదు. అంతా ఒకే రంగు. చీటీలు తీసేస్తే ఏది ఏ ఏడాదిదో ఎవరూ చెప్పలేరు.

పార్కు తోటమాలి వచ్చి చూశాడు. "అచ్ఛీ మిట్టీ హై భయ్యా? ఫూల్ లగేంగే?" మంచి మట్టేనా, పూలు పూస్తాయా అని.

"మాలూమ్ నహీ" అన్నాను, తెలియదని.

అతను పైపు లాక్కొచ్చి కుప్ప మీద పెట్టాడు. ఏళ్ల తరబడి ఎండిన మట్టి. నీళ్లు ముందు పైపైనే జారిపోయాయి. కాసేపటికి కుప్ప మధ్యలో చిన్న గుంట పడి, నీళ్లు అందులోకి దిగడం మొదలుపెట్టాయి.