మా మామగారు నేలకేసిన జెండా

ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి నేను కాపురానికి వచ్చిన కొత్త. రెండో ప్రపంచయుద్ధం రోజులు, గుడ్డకు కరువు. మా మామగారు పత్తి వ్యాపారి, వీధిలో ఆంజనేయస్వామి గుడికి పెద్ద. ఉత్సవానికి జెండా కుట్టే పని నాకప్పగించి, "జెండా అంటే గుడ్డ గాదమ్మా, సాక్షాత్తు సామే. కాలు తగలనీవద్దు" అని పదిసార్లు చెప్పారు.

కాషాయం గుడ్డ చాలలేదు. కింద తెల్లగుడ్డ, దాని కింద ఆకుపచ్చ గుడ్డ అతికి, మధ్యలో స్వామి బొమ్మ కుట్టాను.

జెండా ఎగరేసిన కాసేపటికే పోలీసు జమేదారు వచ్చాడు. ఆయన ఒక సాయిబు. మూడు రంగులు చూసి, "స్వరాజ్యం జెండా ఎవురు కట్టినారు?" అని గద్దించాడు.

మామగారి ముఖం పాలిపోయింది. తానే తాడు లాగి జెండా దించి నేలకేశారు. "ఇది జెండా గాదు దొరా, ఉత్త గుడ్డపీలిక. మా కోడలు తెలీక కుట్టింది. ఏమన్నా ఉంటే ఆ పిల్లనే అడగండి" అన్నారు.

జమేదారు వంగి జెండా తీశాడు. బొమ్మ చూసి, మట్టి దులిపి, మడతపెట్టి నా చేతికిచ్చాడు.

"దేవుని జెండా అని సెప్తే సాలు గదమ్మా. మా పీర్ల జెండా నేలకేస్తే మేం ఊరుకుంటామా?" అని వెళ్లిపోయాడు.

మర్నాడు మామగారు, సాయిబు ముట్టుకున్నాడని ఆ జెండాకు సంప్రోక్షణ చేయించారు. నేలకేసిన తన చేతులకు మాత్రం ఏ శుద్ధీ అక్కర్లేకపోయింది.

ఇప్పటికీ గుడి మీద జెండా కనబడితే దండం పెడతాను. దాన్ని ఎగరేసే పెద్దలకు పెట్టడం మాత్రం ఆనాడే మానేశాను.