చల్లార్చిన బొంగరం

నా చిన్నప్పుడు మా మల్కాపురం వీధిలో నా అంత గొప్పలు చెప్పేవాడు ఇంకొకడు లేడు. ఆ గొప్పలన్నీ మా తాతయ్య గురించే. పోర్టు వర్క్‌షాపులో ముప్పై ఏళ్లు లేత్ మీద ఇనుము చెక్కి రిటైరైన మనిషాయన. ఇంట్లో ఆయన తలుపు గడియ బిగించినా మేమంతా చుట్టూ నిలబడి చూడాల్సిందే. ఓ ఆదివారం నన్ను లక్క బొమ్మలు చేసే ఏటికొప్పాక తీసుకెళ్లి, లక్క బొంగరం తన చేత్తోనే చేసిస్తానన్నాడు. నేను ఊరుకుంటానా, వీధి పిల్లలందరికీ చెప్పేశాను.

పొద్దున్నే బస్సెక్కాం. ఇనుమే లొంగినవాడికి చెక్క ఒక లెక్కా అని ఆయన కండక్టరుకు కూడా చెప్పాడు.

అక్కడ బొమ్మలు చేసే ఒక పెద్దమ్మ, తాతయ్య అడగ్గానే కర్ర తిప్పే మిషన్ ముందు తన పీట ఆయనకిచ్చింది. తిరుగుతున్న మెత్తటి అంకుడు కర్రను తాతయ్య చకచకా బొంగరంగా చెక్కేస్తుంటే నాకు కాళ్లు నేల మీద ఆనలేదు. తర్వాత పెద్దమ్మ ఎర్ర లక్క కడ్డీ తిరిగే బొంగరానికి ఆనించమంది. ఆ రాపిడికి వేడి పుట్టి సన్నగా పొగ లేచింది. ఇనుము వేడెక్కితే చల్లార్చాలి కదా, ముప్పై ఏళ్ల అలవాటు. నా మెడలో వేలాడే వాటర్‌బాటిల్ లాక్కుని బొంగరం మీద గుమ్మరించేశాడు.

ఆ నీళ్లు గిర్రున తిరిగి మా ముగ్గురి మొహాల మీదా పడ్డాయి. పెద్దమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, నవ్వు ఆపుకుంటూ అంది: "ఏటి బాబూ, సల్లార్సేసినావు? ఏడెక్కితేనే గదా లక్క కరిగి అంటుకుంటాది."

నాకు ఏడుపొచ్చింది. వీధిలో ఇక ఏ మొహం పెట్టుకుని తిరగను? తాతయ్య కర్రదే తప్పంటాడని, మిషన్‌ను తిడతాడని చూశాను. ఆయన మీసాల తడి తుడుచుకుని, పీట మీంచి లేచి, ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు.

"నాకు రాదమ్మా. నువ్వు సెప్పు, నాను సేత్తాను."

అలాంటి మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు.

ఆమె చెప్పినట్టే కర్ర ఆరబెట్టి, లక్క పట్టించి, ఎండిన మొగలి ఆకుతో రుద్ది మెరుగు పెట్టాడు. నీళ్లు ఇంకిన చోట మాత్రం బొటనవేలంత తెల్ల మచ్చ మిగిలిపోయింది. తిరుగు ప్రయాణంలో మళ్లీ అదే కండక్టరు. తాతయ్య ఆ మచ్చ చూపించి జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. బస్సంతా నవ్వింది, అందరికంటే గట్టిగా ఆయనే.

ఇప్పుడు నా మీసాలూ నెరిశాయి. మనవరాలు ఫోన్‌లో ఏదో చూపించి, ఇది వచ్చా తాతయ్యా అంటే, వచ్చనే మాట నాలుక చివరిదాకా వస్తుంది. ఆ బొంగరం టీవీ పక్కన, మచ్చ నావైపు తిప్పి పెట్టుకున్నాను. దాన్నోసారి చూసి, నాకు రాదమ్మా, నువ్వు చెప్పు అని పక్కకు జరిగి కూర్చుంటాను.