ఖాదర్ భాయ్ ఇత్తడి, నా చింతపండు

మా ఆయన చెప్పే కథ మీరు ఇప్పటికే వినుంటారు. కువైట్‌లో మేముండే ఎగైలాలో ఏ తెలుగువాళ్ళింట్లో పుట్టినరోజు జరిగినా, బిర్యానీ అయ్యాక, ఐస్‌క్రీం రాకముందు ఆయన అది ఎత్తుకుంటారు. "మా సత్య తుపాకీ గుళ్ళని చింతపండుతో కడిగిందండీ బాబూ! షేకు గారు ట్రిగ్గర్ నొక్కీసరికి ఢామ్మని పేలి, ఒంటెలన్నీ సౌదీ దాకా పరిగెత్తాయండీ!" అందరూ పడీపడీ నవ్వుతారు. నేనూ పళ్ళు కొరుక్కుంటూ నవ్వుతాను.

ఇందులో నాలుగు అబద్ధాలున్నాయి. నేను కడిగినవి గుళ్ళు కావు. ఏదీ పేలలేదు. అక్కడ ఒంటెలు లేవు. ఆయన షేకూ కాదు. నిజం ఒక్క చింతపండే. కానీ అసలు జరిగింది దీనికంటే ఘోరం. పేలుడైతే ఒక్క క్షణంలో అయిపోయేది. నా నిర్వాకం మాత్రం మూడు రోజులపాటు సాగి, ఒక పెద్దమనిషి ఉద్యోగాన్ని విమానం మెట్ల దాకా ఈడ్చుకెళ్ళింది. పరువు ఎలాగూ పోయింది, కనీసం సరైన కారణంతో పోవాలని ఇది రాస్తున్నాను.

మూడేళ్ళ కిందటి మాట. నేను ఎడారిలో ఉన్న ఒక ప్రైవేటు రైఫిల్ రేంజ్ ఆఫీసులో పనిచేసేదాన్ని. ఇప్పటికీ అక్కడే చేస్తున్నాను, ఎందుకు తీసెయ్యలేదో ముందుముందు మీరే చూస్తారు. కాగితాలు, స్టోరు తాళాలు, అందరితో వాదనలు నా శాఖలు. మొదటి రెంటికీ జీతం ఇచ్చేవారు, మూడోది ఉచితంగా చేసేదాన్ని. రేంజ్ యజమానిని బూ ఫహద్ అంటాం. అంటే ఫహద్ వాళ్ళ నాన్న అని, ఇక్కడ గౌరవంగా అలాగే పిలుస్తారు. కిలోమీటరు దూరంలో ఉన్న కాగితం మీద గుండు దించడమంటే ఆయనకి ప్రాణం. పక్కింటి గోడ మీద పిల్లిని చూడాలన్నా కళ్ళజోడు కావలసిన నాకు అదేం సరదానో ఇప్పటికీ అర్థం కాలేదు.

ఆ సరదాకి తూటాలు తయారుచేసేది ఖాదర్ భాయ్. రాయచోటి మనిషి, అరవైకి దగ్గర. తూటా పేలాక గుండు ముందుకు పోతుంది, వెనక ఒక ఇత్తడి గొట్టం మిగులుతుంది. దాన్ని మేం కేసు అంటాం. ఖాదర్ భాయ్ ఆ కేసుల్ని ఏరి, తన లోడింగ్ గదిలో సవరించి, కొత్త మందూ కొత్త గుండూ పెట్టి మళ్ళీ తూటాగా నిలబెడతాడు. ఒక్కోదాన్నీ చేత్తో, ఒక్కోదాన్నీ తూచి. ఒక్క రైఫిల్లోనే పేలి, దాని ఒంటికి అలవాటుపడ్డ కేసులు నూట ఇరవై ఆయన దగ్గరుండేవి. ప్రతిదాని మీదా నల్ల పెన్నుతో నంబరు, ఆ నంబరు చరిత్ర ఒక నోటుబుక్కులో. నాలుగేళ్ళ కాపురం అది.

మా మేనేజరు ఇంతియాజ్ గారిది హైదరాబాదు. ఆయనకి ఈ కాపురం కంటగింపు.

"గీ జమానాల చేత్తో చేసుడేంది భాయ్? బయటి కంపెనీకి మన రైఫిల్ నాపు పంపితే, దానికి తగ్గట్టే తయారుజేసి డబ్బాల పెట్టి పంపుతరు. పనికి పని, ఇజ్జత్‌కి ఇజ్జత్."

నన్నెవరూ అడగలేదు. కాబట్టి నేను మాట్లాడాను.

"ఇంతియాజ్ గారూ, కొలతలు కాగితం మీద రాసి పంపి కుట్టించుకున్న జాకెట్టు ఎలా వస్తుందో నాకు తెలుసు. మా చెల్లెలి పెళ్ళికి అలాగే కుట్టించుకున్నాను. అక్షింతలు వేద్దామంటే చెయ్యి భుజం దాటి పైకి లేవలేదు."

"మేడమ్, జాకెట్ ముచ్చట ఇక్కడెందుకు?"

"కొలత ఎక్కడైనా కొలతే. మనిషి ఎదురుగా ఉండాలి, దర్జీ చేతిలో టేపుండాలి."

ఈ వాదన బూ ఫహద్ చెవిన పడింది. ఆయన రెండు చేతులూ పైకెత్తి తీర్పు చెప్పేశారు. "శనివారం పొద్దున. ఒకే రైఫిల్, కిలోమీటరు దూరం. పది వాళ్ళవి, పది ఖాదర్‌వి. ఏవి దగ్గరదగ్గరగా పడితే ఇక అవే. కంపెనీవి గెలిస్తే లోడింగ్ గదికి తాళం. ఖలాస్."

గదికి తాళమంటే ఖాదర్ భాయ్ ఇఖామాకీ, అంటే ఈ దేశంలో ఉండే అనుమతికీ తాళమే. ఆయన చిన్నకొడుకు ఫార్మసీ చదువు ఇంకా రెండేళ్ళుంది. ఆయన మాత్రం కళ్ళజోడు తుడుచుకుంటూ, "ఓడితే ఊరికి పోతాలేమ్మా, ఏముండాది," అన్నాడు. జాకెట్టు కథ చెప్పి ఈ పందెం తెచ్చింది నేను. ఆ మాట వినగానే నాలో పౌరుషం పొంగింది. ఖాదర్ భాయ్‌ని గెలిపించి తీరతానని అక్కడే తీర్మానించుకున్నాను. తుపాకీ పట్టేది నేను కాదు, మందు పోసేది నేను కాదు. ఆ చిన్న చిక్కు నాకు కనబడలేదు.

బుధవారం, ఇంతియాజ్ గారు ముందే కొలతలు పంపి చేయించిన కంపెనీ తూటాలు వచ్చాయి. నల్లటి మెత్తటి పెట్టెలో ఒక్కోదానికి ఒక్కో గూడు, మూత మీద బూ ఫహద్ పేరు. నగల షాపులో వడ్డాణం చూపించినట్టు ఇంతియాజ్ గారు మూత తెరిచి చూపించారు. పక్కనే ఖాదర్ భాయ్ కేసులు, మసి పట్టి, మచ్చలతో.

"బొగ్గుల దుకాణం లెక్కున్నయ్," అన్నారు ఇంతియాజ్ గారు.

ఆ మాట నా నెత్తికెక్కింది. ఖాదర్ భాయ్ ఆ రోజు ఇఖామా వేలిముద్రల పని మీద వెళ్ళాడు. నేను కేసుల్ని చూశాను. ఇత్తడి. మసి. అమలాపురం దగ్గర పుట్టిన ఆడదానికి ఈ రెండు మాటలు కలిపి చెప్తే చాలు, చేతులు వాటంతటవే చింతపండు కోసం వెతుకుతాయి. మా అమ్మ ఇత్తడి బిందె తోమితే అందులో చూసుకుని నాన్న గడ్డం గీసుకునేవారు. నేను ఆవిడ కూతుర్ని!

బకాలా కొట్టుకి మనిషిని పంపి అరకిలో చింతపండు తెప్పించాను. ఆఫీసు ప్యాంట్రీలో టబ్బు పెట్టి, పులుసు పిసికి, రెండు గుప్పెళ్ళ ఉప్పు వేసి, నూట ఇరవై ఖాళీ కేసుల్నీ అందులో ముంచాను. వాటి లోపల మందు లేదు, నా లోపల బుద్ధి లేదు. నల్ల పెన్ను నంబర్లు కరిగిపోతుంటే చూశాను కూడా. 'మళ్ళీ రాసుకుంటాడులే, చేతిరాత బావుంటుంది,' అనుకున్నాను. నాలుగింటికి బస్సు వచ్చింది. తెల్లారేదాకా నానితే ఇంకా మెరుస్తాయని మూత పెట్టి ఇంటికెళ్ళిపోయాను. ఇడ్లీ పిండికి కూడా నేనంత నిశ్చింతగా మూత పెట్టి ఎరగను.

గురువారం పొద్దున్నే మూత తీశాను. బంగారంలా ఉంటాయనుకున్నవి చంటిపిల్లల అరికాళ్ళలా గులాబీ రంగులో ఉన్నాయి. బావున్నాయే అనుకుంటుండగా ఖాదర్ భాయ్ వచ్చాడు.

"ఏందిమ్మా ఇవి?"

"మీవే భాయ్."

"నావి ఇత్తడివి. ఇవి రాగివి."

"కడిగాను."

"దేంతో?"

"చింతపండుతో."

"ఎంతసేపు?"

"నిన్న నాలుగింటి నుంచి."

ఆయన ఒకటి తీసి కిటికీ దగ్గరికి పోయి, నాలుక కొసతో తాకించి చూశాడు. "ఉప్పు గూడా ఏసినావా?"

"రెండు గుప్పెళ్ళు."

"ఇంగ కరేపాకు, తిరగమాత ఒగటే తక్కువ!"

తర్వాత కుర్చీలో కూలబడి, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు. అంతసేపు ఉప్పూ పులుసూ కలిసి ఇత్తడిలోని సత్తువ తినేశాయి. పైకి రంగు మారినట్టే, లోపల బలమూ పోయుంటుంది. "వీటిల్లో నేను మందు బోయనమ్మా. పగిల్తే? కాల్చేటప్పుడు బూ ఫహద్ కన్ను ఈడ ఉంటాది, ఇంత దూరంలో," అని జానెడు చూపించాడు. "నంబర్లు గూడా పోయినట్లేనా?"

"పోయాయి."

అరుస్తాడనుకున్నాను. అరిచినా బావుండేది, తిరిగి అరిచి తేలికపడేదాన్ని. ఆయన నోటుబుక్కు మూసి, దాని అట్ట మీద చెయ్యి పెట్టుకున్నాడు. నా నోటికి మాట దొరకని సందర్భాలు జీవితంలో రెండే. మొదటిదాంట్లో మత్తుమందు ఇచ్చి ఆపరేషన్ చేస్తున్నారు.

అయినా నిమిషం కంటే ఎక్కువ నేను నోరు మూసుకోలేను. "కొత్త కేసులేమైనా ఉన్నాయా భాయ్?"

"స్టోర్లో ఒగ డబ్బా ఉండాది, సీలు తీయంది. మేనేజర్ సంతకం కావాల. యాడ పెడ్తాడు ఆయన!"

"పెడతాడు," అని లేచాను.

విషయం విని ఇంతియాజ్ గారు అయిదు నిమిషాలు నవ్వారు. కళ్ళు తుడుచుకుని, "నన్ను ఓడగొట్టనీకి నేనే సంతకం జెయ్యాల్నా మేడమ్?" అన్నారు.

"వద్దులెండి. శనివారం నేనే చెప్తాను బూ ఫహద్‌తో. ఖాదర్ భాయ్ దగ్గర తూటాలు లేకుండా చేసింది నేను, ఉన్న డబ్బా ఇవ్వకుండా దాచింది మా మేనేజరు గారు, భయపడ్డారు పాపం అని."

"భయమా? నాకా? నకరాలా?"

"అయితే సంతకం పెట్టండి."

పెట్టారు. ఎంత కోపంగా పెట్టారంటే పెన్ను కింది రెండు కాగితాల దాకా దిగింది.

శుక్రవారం సెలవైనా వెళ్ళాను. ఖాదర్ భాయ్ నన్ను త్రాసు ముందు కూర్చోబెట్టి కొత్త కేసులు తూచమన్నాడు, ఒకే బరువున్నవి ఏరడానికి. "మాట్లాడగాకమ్మా. నీ ఊపిరికి గూడా అంకె మార్తాది." నాలుగ్గంటలు! మా ఆయన రెండుసార్లు ఫోన్ చేసి, నేను "ఊఁ" అని మాత్రమే అంటుంటే, ఒంట్లో బాగాలేదేమోనని టాక్సీ వేసుకుని వచ్చేశారు. ఆయన కథలో ఈ టాక్సీ ఉండదు గమనించండి.

మధ్యలో ఖాదర్ భాయ్ తనలో తనే గొణుక్కున్నాడు. "ఇవి ఆ రైఫిల్లో ఒగసారి గూడా పేల్లేదు. కొత్త చెప్పులేసుకోని పందెంలో పరిగెత్తినట్లు."

శనివారం పొద్దున ఎండ ఇంకా ముదరలేదు. బూ ఫహద్ చాప మీద బోర్లా పడుకుని ముందు కంపెనీవి పది కాల్చారు. గురి కాగితం దగ్గరున్న కెమెరా దాన్ని మా టెంటులోని టీవీలో చూపిస్తుంది. పదీ కలిపి భోజనం పళ్ళెమంత చోటులో పడ్డాయి. కిలోమీటరు దూరానికి అది మామూలు విషయం కాదు. ఇంతియాజ్ గారు చాయ్ తెప్పించుకున్నారు.

ఖాదర్ భాయ్ పెట్టె తెరవగానే బూ ఫహద్ ఆగారు. "ఇవి కొత్తవి. నీ నంబర్లవి ఏవి ఖాదర్?"

ఖాదర్ భాయ్ ఇసక వంక చూశాడు. చెప్పడని నాకు తెలుసు. ఆ మంచితనమే నన్ను చంపింది.

"నేను కడిగాను బూ ఫహద్, పాడైపోయాయి. తమర్ హిందీతో." అరబ్బీలో చింతపండు పేరు అదే.

"తమర్ హిందీ? రంజాన్‌లో మేం షర్బత్ చేసుకుని తాగేదా?"

"అదే."

"చక్కెర వేశావా?"

"లేదు, ఉప్పు."

ఆయన తల అడ్డంగా ఊపారు. "చక్కెర వెయ్యాలి," అన్నారు బాధగా, తప్పంతా అక్కడే జరిగినట్టు. మళ్ళీ పడుకున్నారు.

పది తూటాలు. మొదటిది పడగానే నేను ఖాదర్ భాయ్ తువ్వాలు పట్టుకున్నాను. అయిదోదానికి తువ్వాలు నా చేతుల్లో తాడైంది. ఏడోది కాస్త పక్కకి పోయింది. నేను మనసులో దేవుడితో బేరం మొదలుపెట్టాను. ఇక జన్మలో ఇంతియాజ్ గారితో వాదించను అన్నాను. తొమ్మిదోది బాగా పడేసరికి ఆ బేరాన్ని వారానికి తగ్గించాను. పదోది పడింది.

టిఫిన్ ప్లేటు! భోజనం పళ్ళెం కాదు, రెండు ఇడ్లీలు పెట్టే టిఫిన్ ప్లేటంత చోటులో పదీ!

"గాలి తగ్గింది, గందుకే," అన్నారు ఇంతియాజ్ గారు. ఎవరూ పట్టించుకోలేదు. బూ ఫహద్ లేచి ఖాదర్ భాయ్ భుజం తట్టి, నా వైపు తిరిగి, "నిన్ను ఉద్యోగం నుంచి తీసేద్దామనుకున్నాను. కానీ బయట ఇంకెవరి సామాను కడుగుతావో అని భయం," అన్నారు. లోడింగ్ గది నిలబడింది. పిల్లాడి చదువూ నిలబడింది.

కనుక కువైట్ ఎడారి సాక్షిగా, బీకాం సెకండ్ క్లాసు పట్టా సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇతరుల ఇత్తడి ఎంత నల్లగా ఉన్నా నేను కన్నెత్తి చూడను. చూసినా చెయ్యి పెట్టను. పెట్టినా ముందు అడుగుతాను. దేవుడి గదిలో మా దీపపు కుందులు తప్ప ఈ జన్మలో మరే లోహానికీ నా చేతి చింతపండు తగలదు.

ఇక్కడితో ఊరుకుంటే నేను సత్యవతిని ఎందుకవుతాను? ఆ రోజే ఫలితం రాయడానికి ఖాదర్ భాయ్ నోటుబుక్కు తీసి పాత పేజీలు తిప్పాను. అదే రైఫిల్, అదే దూరం. నాలుగేళ్ళలో ఆ నంబర్ల కేసులు సాధించిన అన్నిటికంటే మంచి ఫలితం ఈ టిఫిన్ ప్లేటు కంటే రెండు వేళ్ళు పెద్దది.

"భాయ్, నిన్న డబ్బా విప్పినవి ఇంత. నాలుగేళ్ళు సాకినవి అంత. ఇదేమిటి?"

"ఈపొద్దు నా పాతవి ఉండుంటే ఇంగా చిన్నగ వచ్చుండు."

"మీకెలా తెలుసు?"

"తెల్సు."

"చూపించండి మరి."

"యాడ జూపించేది! పులుసులో ఏస్తివి గదా!"

మూడేళ్ళుగా మా సంభాషణ అక్కడే ఆగి ఉంది. ఆయన కొత్త కేసులన్నిటికీ మళ్ళీ నల్ల పెన్నుతో నంబర్లు వేసుకున్నాడు, నేను ఆ గది గడప దాటకూడదని నియమం కూడా పెట్టాడు. గడప ఇవతల నిలబడి నేను రోజూ అడుగుతూనే ఉన్నాను, ఆయన లోపల తూస్తూనే ఉన్నాడు. తుపాకుల సంగతి తెలిసినవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి: ఆ రోజు నేను పాడుచేసింది నాలుగేళ్ళ పనినా, నాలుగేళ్ళ నమ్మకాన్నా?