ప్రదక్షిణంగా బిగించిన బోల్టులు

డెబ్బైల మొదట్లో గచ్చిబౌలికీ మణికొండకీ మధ్య కారు ఇంజిన్ విప్పి బిగించగల మొనగాణ్ణి నేనొక్కణ్ణే అని నలుగురు కూర్చున్నచోట ఇప్పటికీ గొప్పలు పోతుంటాను. నిజమే. ఆ మధ్యలో ఉన్న కారు కూడా ఒక్కటే. అదీ మా బావది. బదిలీ మీద వెళ్తూ మా అద్దెయింటి వాకిట్లో వదిలిపోయాడు.

అమ్మకు ఎడమ కన్ను అప్పటికే పోయింది. కుడి కంట్లో శుక్లం. పట్నంలో దవాఖానా చుట్టూ నెలల తరబడి తిరిగితే సోమవారం పొద్దున ఆపరేషన్‌కు పిలిచారు. "ఇంకా ముదిరితే నేను హామీ ఇవ్వలేను" అన్నాడు డాక్టరు. ఊరికి బస్సు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. కారే దిక్కు. సరిగ్గా గురువారం అది తెల్లటి పొగ కక్కి ఆగిపోయింది. ఇంజిన్ తలకీ మొండేనికీ మధ్య ఉండే పలచటి రేకు, హెడ్ గాస్కెట్, కాలిపోయింది.

ఒక్క పూటలో మార్చేశానని చెబుతుంటాను గానీ, మూడు రోజులు పట్టింది. పక్కింటాయన పొలం బావుల మీద ఆయిల్ ఇంజిన్లు బాగుచేసేవాడు. నేను కొత్త గాస్కెట్ పరిచి తల ఎక్కిస్తుంటే గోడ మీద నుంచి చూస్తున్నాడు.

"సారూ, నడిమిట్ల బోల్టులు ముందుగాల బిగియ్యాలె. ఆన్నుంచి అటొకటి ఇటొకటి. లేకుంటే రేకు నడుమ సరిగ కూసోదు. ఒక్కపారే గట్టిగ తిప్పకుండ్రి."

"నీవి బావి దగ్గర ఇంజిన్లయ్యా. ఇది కారు."

"ఇంజిన్ ఏడున్నా ఇంజినే గద సారూ! జర ఇనుండ్రి."

నేను వినలేదు. ఆఫీసులో ఫైళ్లు చూసే నాకు, చదువుకున్నవాణ్ణన్న పొగరు చేతిలో స్పానరు కంటే బరువుగా ఉండేది. అమ్మ కొబ్బరికాయ కొట్టమంది, అంతే. మిగతా భక్తి నాది. ఈశాన్యం మూల బోల్టుతో మొదలుపెట్టి, గుడి చుట్టూ తిరిగినట్టు కుడిచుట్టుగా పది బోల్టులూ ఒక్కొక్కటే బిగదీశాను.

సోమవారం పొద్దున అమ్మను వెనక సీట్లో కూర్చోబెట్టాను. పక్కింటాయనకు పట్నంలో ఏదో సామాను కావాలంటే ముందు సీట్లో ఎక్కాడు.

"నువ్వే బాగు చేశావట్రా?" అంది అమ్మ.

"నేనే."

"అయితే మెల్లిగా పోనీ నాయనా."

బండల మధ్య దారిలో రెండు మైళ్లు పోయామో లేదో, ముందు మూత సందుల్లోంచి ఆవిరి ఎగదన్నింది. అమ్మను దించి ఒక రాయి మీద కూర్చోబెట్టాను. ఇంజిన్ చల్లారాక పక్కింటాయన వంగి చూశాడు. నీళ్లు తల కిందినుంచి, సరిగ్గా నడుమనే కారుతున్నాయి.

"ఏమైందిరా?" అంది అమ్మ.

"గాస్కెట్ నకిలీదమ్మా. దుకాణంవాడు మోసం చేశాడు."

పక్కింటాయన లేచి నా మొహం చూశాడు.

"గంతేనా సారూ?"

"అంతే."

అటుగా వచ్చిన పాల లారీని చెయ్యెత్తి ఆపిందీ, అమ్మను చంటిపిల్లలా ఎత్తి పైకి ఎక్కించిందీ పక్కింటాయనే. దవాఖానాకు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. డాక్టరు వెళ్లిపోయాడు. మళ్లీ పిలుపు వచ్చేసరికి వానాకాలం వెళ్లిపోయింది.

ఆపరేషన్ అయ్యాక అమ్మకు మనుషులు నీడల్లా కదిలేవారు. ఆలస్యం వల్లనేనని డాక్టరు అనలేదు. నేను అడగలేదు.

ఇంటికి ఎవరొచ్చినా అరుగు మీద కూర్చుని అమ్మ చెప్పేది: "మావాడు బాగానే చేశాడండీ. ఆ దుకాణంవాడే కొంప ముంచాడు." నేను పేపరు చదువుతున్నట్టు తల దించుకునేవాణ్ణి. ఆ మాట వినపడ్డప్పుడల్లా గోడ అవతల పక్కింటాయన, బీడీ సగంలో ఆర్పేసి, లోపలికి వెళ్లిపోయేవాడు.